‘మగపిల్లల లోకం’ ఎలా తయారైంది?

కంప్యూటర్లు, వీడియో గేములు, కామిక్స్ మొదటి నుంచీ మగవాళ్ల లోకమేనని, స్త్రీలు నిన్నమొన్న వచ్చి అందులో మార్పులు కోరుతున్నారని తరచూ వినిపించే వాదన చరిత్ర ముందు నిలవదు.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటరైన ఎనియాక్ పనితీరును ప్రముఖుల ముందు ప్రదర్శించినప్పుడు, ఫిరంగి గుండు నేలను తాకేలోపే దాని మార్గాన్ని లెక్కగట్టిన ప్రోగ్రామును సిద్ధం చేసినవారు బెటీ జెన్నింగ్స్, బెటీ స్నైడర్. వీరితో కలిపి ఆరుగురు మహిళలు, ప్రోగ్రామింగ్ భాషలే లేని ఆ రోజుల్లో, యంత్రం నమూనా చిత్రాలను ముందేసుకుని దాని లోపలి నడకను అర్థం చేసుకున్నారు. కేబుళ్లు ఒక్కొక్కటిగా తగిలించి, స్విచ్చులు అమర్చి దానిచేత లెక్కలు చేయించారు. ఆ రాత్రి జరిగిన విందుకు వారిని పిలవలేదు. యంత్రాన్ని తయారు చేయడం మేధస్సుగానూ, దానిని నడిపించడం గుమస్తా పనిగానూ చూసిన కాలమది.

అయినా స్త్రీలు ఈ రంగాన్ని వదల్లేదు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టభద్రుల్లో వారి వాటా 1980ల మధ్యలో దాదాపు 37 శాతానికి చేరి, 2010 నాటికి సుమారు 18 శాతానికి పడిపోయింది. ఇంటి కంప్యూటర్లను, గేములను మగపిల్లల వస్తువులుగా ప్రచారం చేసి అమ్మిన కాలంలోనే ఈ పతనం మొదలవడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఇంట్లో కంప్యూటరుతో గడిపిన అబ్బాయిల అనుభవమే కళాశాలలో ‘సహజ ప్రతిభ’గా చెలామణీ అయింది. ప్రవేశానికి ఆ ముందస్తు అనుభవాన్ని ప్రమాణంగా తీసుకోవడం మానేసి, కొత్తవారికి తగిన తొలి కోర్సులు పెట్టిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరే అమ్మాయిల వాటా 1995లో 7 శాతం నుంచి 2000లో 42 శాతానికి పెరిగింది.

కథల్లోనూ ఇదే వివక్ష కనిపిస్తుంది. 1994లో వచ్చిన గ్రీన్ లాంటర్న్ అనే సూపర్‌హీరో కామిక్ సంచికలో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కుతారు. హీరోకు పగ రగిలించడమే ఆ చావుకున్న ప్రయోజనం. ఇలా బలైన పాత్రల జాబితాను 1999లో ప్రచురించిన గెయిల్ సిమోన్ కామిక్స్‌ను ప్రేమించిన పాఠకురాలే, తర్వాత వాటి రచయిత్రి కూడా అయ్యారు.

గేముల్లో స్త్రీ చిత్రణపై వీడియోలు చేస్తానని 2012లో విమర్శకురాలు అనీటా సర్కీసియన్ విరాళాలు కోరగానే, ఆమె ముఖాన్ని గుద్దే గేమును ఒకరు తయారు చేశారు. 2014లో గేమర్‌గేట్ పేరిట ఆన్‌లైన్‌లో సాగిన వేధింపులు గేముల రంగంలోని పలువురు మహిళలను ఇళ్లు విడిచిపోయేలా చేశాయి. ఆ అక్టోబరులో అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో సర్కీసియన్ ప్రసంగం జరిగితే సామూహిక కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. అనుమతి ఉన్నవారు సభలోకి తుపాకులు తెస్తే రాష్ట్ర చట్టం ప్రకారం అడ్డుకోలేమని తేలడంతో, ఆమె ప్రసంగాన్ని రద్దు చేసుకున్నారు.