వ్యాపారం ఆగితే వచ్చే నష్టం: ఇంగ్లిష్–పోర్చుగీస్ అనువాదంలో అపోహలు, వాస్తవాలు

విశాఖలో ఉండి బీమా పత్రాలకు పోర్చుగీస్ అనువాదాలు చేస్తానంటే అందరూ గోవా గురించి అడుగుతారు. కానీ మన స్టీల్ ప్లాంట్ భాగస్వామిగా ఉన్న, విదేశాల్లో బొగ్గు గనులు కొనే ప్రభుత్వ రంగ సంస్థ ఐసీవీఎల్ 2014లో ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో బెంగా బొగ్గు గనిలో 65 శాతం వాటా కొన్నది. అక్కడ అధికార భాష పోర్చుగీసే.

అపోహ: పోర్చుగీస్ ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: ప్రమాదం వల్ల పని ఆగి పోగొట్టుకున్న లాభానికి ఇచ్చే బీమాను బ్రెజిల్‌లో ‘లుక్రోస్ సెసాంచిస్’ అంటారు. పోర్చుగల్‌లో ‘పెర్దష్ ద ఎష్‌ప్లొరసావ్’ అంటారు. ఈ రెండో మాట దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. చూడగానే ‘ఎక్స్‌ప్లొరేషన్’ అనిపిస్తుంది, కానీ ఇక్కడ దానర్థం సంస్థను నడపడం. గని క్లెయిమ్‌లో దాన్ని ‘అన్వేషణ నష్టం’ అని రాస్తే, కొత్త బొగ్గు వెతకడానికి పెట్టిన ఖర్చు అడుగుతున్నారని నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ అనుకుంటాడు. అడిగింది మాత్రం గని ఆగిన రోజుల లాభం.

అపోహ: అంకెలను అనువదించక్కర్లేదు.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ అంకెలతోనే. పోర్చుగీస్ పత్రంలో 1.250,50 అని ఉంటే అది పన్నెండు వందల యాభై, పైన చిల్లర. వేల దగ్గర చుక్క, దశాంశానికి కామా. బ్రెజిల్‌లో ‘బిల్యావ్’ అంటే వంద కోట్లు. పోర్చుగల్‌లో ‘బిలియావ్’ అంటే లక్ష కోట్లు.

అపోహ: ఇంగ్లిష్‌ను పోలిన మాటకు అర్థం కూడా అదే.

వాస్తవం: ‘ఎవెన్తువల్మెంత్’ అంటే ఇంగ్లిష్ ‘ఈవెంచువల్లీ’లా ‘చివరికి’ కాదు, ‘బహుశా’. ‘కంపెనీ చెల్లించవచ్చు’ అన్న వాక్యం ‘చివరికి చెల్లిస్తుంది’గా మారితే గొడవ కోర్టుదాకా వెళ్తుంది.

అపోహ: తుఫానుకు షాపు మూసేస్తే చాలు, పోయిన లాభానికి బీమా వస్తుంది.

వాస్తవం: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మనం చూశాం, 2019 మార్చిలో ఇదై తుఫానుకు మొజాంబిక్‌లోని బెయిరా రేవు నగరం చూసింది: గోడలు నిలిచినా కరెంటు, రోడ్లు లేక వ్యాపారం ఆగిపోతుంది. కానీ మామూలు పాలసీలో ముందు బీమా ఉన్న ఆస్తి దెబ్బతినాలి. ఆ దెబ్బ వల్ల పని ఆగాలి. కరెంటు లేకపోవడం వంటివాటికి విడిగా రక్షణ తీసుకుని ఉండాలి. అందుకే అనువాదంలో ‘దాని వల్ల’ అనే చిన్న ముక్క జారిపోయినా షరతు మొత్తం మారిపోతుంది. ఆ వాక్యాలను నేను మూలంతో పక్కపక్కన పెట్టుకుని గట్టిగా చదువుతాను.

పని ఒప్పుకునే ముందు రెండు విషయాలు అడుగుతాను: పత్రం ఏ దేశానికి వెళ్తుంది, పాలసీ కాపీ ఉందా? క్లెయిమ్ ఉత్తరం ఒక్కటే పంపి రేపటికి కావాలంటే ఆ పని తీసుకోను.