సీఎస్పీ: ఊళ్లోకి పంపారు సరే, మెంటార్ సంగతేమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థి మొదటి ఏడాది కాగానే 180 గంటలు ఊళ్లో పనిచేయాలి. అందుకు 4 క్రెడిట్లు. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి తెచ్చిన పాఠ్య ప్రణాళికలోని ఈ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును కళాశాలల్లో అందరూ సీఎస్పీ అంటారు. విద్యార్థి గంటలకు లెక్క ఉంది. వెనకుండి నడిపించే అధ్యాపకుడు, అంటే మెంటార్, శ్రమకు మాత్రం ఇప్పటికీ సరైన లెక్క లేదు.

చదువుకూ సేవకూ ముడి వేయడం నెల్లూరుకు కొత్త కాదు. పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీజీ 1921లో ప్రారంభించారు. ఆయన శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. దాదాపు వందమంది వలంటీర్లకు ఒక ప్రోగ్రాం ఆఫీసర్, ఆయనకు ఓరియంటేషన్ శిక్షణ ఉండేవి. అయితే అది ఇష్టపడి చేరినవాళ్ల పని. మార్కులతో సంబంధం లేదు.

1991లో జిల్లాలో సాగిన అక్షరాస్యత ఉద్యమం ఇంకా పెద్ద పాఠం. చదువు చెప్పే వలంటీర్లకు ముందే శిక్షణ ఇచ్చారు, చేతికి వాచకాలు ఇచ్చారు. ఆ వాచకాల్లో సారాను ఎదిరించిన మహిళల కథ చదివిన దూబగుంట మహిళలు 1992లో సారా దుకాణం మీదికి కదిలారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఊళ్లోకి వెళ్లేవాళ్లను సిద్ధం చేసి పంపితే ఏం జరుగుతుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సీఎస్పీతో సేవ సిలబస్‌లోకి వచ్చింది, అందరికీ తప్పనిసరైంది. ఫిజిక్స్ చెప్పేవారూ తెలుగు చెప్పేవారూ మెంటార్లే. విద్యార్థులు సొంతూరికి దగ్గర్లో పనిచేస్తారు కాబట్టి ఒకే మెంటార్ పిల్లలు పది ఊళ్లలో ఉంటారు. సర్వే, అవగాహన కార్యక్రమం, లాగ్‌బుక్, నివేదిక అన్నీ ఆయనే చూడాలి.

కనిగిరి వైపు ఊళ్లనే తీసుకుందాం. అక్కడ ఫ్లోరైడ్ సమస్య పాతది. 'నీళ్లు ఉప్పగా ఉన్నాయి, పిల్లల పళ్లకు గార పట్టింది' అని విద్యార్థి లాగ్‌బుక్‌లో రాసుకొస్తాడు. ఉప్పదనానికీ ఫ్లోరైడ్‌కూ సంబంధం లేదు, ఫ్లోరైడ్ నాలుకకు తెలియదు. ఏ బోరు, ఎంత లోతు అని రాయించాలి. నమూనాను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు పంపించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావని ఊరికి చెప్పించాలి. ఇదంతా చేస్తేనే ఆ లాగ్‌బుక్ చదువవుతుంది, లేకపోతే సంతకాల పుస్తకమే. కానీ ఈ పని తెలుగు అధ్యాపకుడికి ఎవరు నేర్పారు?

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ఊరికి వెళ్లి విద్యార్థి పక్కన నిలబడిన గంటలనూ ఇకపై అందులోనే కలపాలి. ప్రయాణ ఖర్చు కళాశాల ఇవ్వాలి. సెలవులకు ముందే వ్యవసాయం, నీరు, ఆరోగ్య శాఖల సిబ్బందితో మెంటార్లకు రెండు మూడు రోజులు శిక్షణ పెట్టాలి. నెల్లూరు, ఒంగోలు విశ్వవిద్యాలయాలు తలచుకుంటే వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు.