ఏటిగట్టుకు అటూ ఇటూ

జులై, ఆగస్టు వచ్చిందంటే కోనసీమలో అందరి చెవులూ ధవళేశ్వరం అంకెల మీదే ఉంటాయి. అక్కడి బ్యారేజీ దగ్గర గోదారి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలం నీటిమట్టం విని, మర్నాటికి ఇక్కడ ఎంత వస్తుందో టీ బడ్డీ దగ్గరే లెక్క కట్టేవాళ్లున్నారు. చాలాసార్లు ఆ లెక్క తప్పదు కూడా. అయితే ఎవరి ఇంట్లోకి నీళ్లొస్తాయో తెలియాలంటే ఇంకో మాట అడగాలి: మీ ఊరు ఏటిగట్టుకు లోపలా (అంటే నది వైపా), బయటా?

ఈ లోపల, బయట అన్నది 19వ శతాబ్దంలో గట్టిపడిన మాట. 1832-33 కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన చూసిన నేల ఇది. బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలతో పాటు పాయల వెంట ఏటిగట్లూ పెరుగుతూ వచ్చాయి. అంతకుముందు వరద పొలాల మీద పరుచుకుని ఒండ్రు వదిలి పోయేది. గట్లు లేచాక డెల్టాకు అన్నం దొరికింది. కాటన్‌కు ఇక్కడ ఊరూరా విగ్రహాలు ఊరికే వెలవలేదు. గట్ల నడుమ మిగిలిన లంకలు, అంటే నదిలోని దీవులు మాత్రం నది వాటాకు పోయాయి.

లంకవాళ్లకు వరద ఏటేటా వచ్చే చుట్టమే. కనకాయలంక కాజ్‌వే తరచూ మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతుంది. ఇక స్కూలుకైనా ఆసుపత్రికైనా పడవే దిక్కు. ఎర్రనీళ్లు కనిపించగానే సామాను అటకెక్కుతుంది, గేదెలు గట్టెక్కుతాయి. ప్రాణాలు కాపాడుకోవడం వాళ్లకు కొత్త కాదు, పంటను కాపాడుకోవడమే చేతకాదు. నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే అరటితోట పోయినట్టే. కౌలు కార్డు లేని రైతుకు ఆ నష్టం కాగితం మీదికి ఎక్కడమే కష్టం.

గట్టు బయట ముప్పు అరుదు, వస్తే మాత్రం ఊళ్లకు ఊళ్లే. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చి చాలాచోట్ల గండ్లు పడ్డాయి. 2006లో వచ్చింది అంతకంటే తక్కువ, దాదాపు 28 లక్షలే. అయినా కోనసీమలో గట్టు తెగింది. అంటే చూడాల్సింది నీటినే కాదు, గట్టు ఒంటిని కూడా. ఆ తర్వాత గట్లను పెంచి బలపరిచారు. మంచిదే, కానీ గట్టు ఎత్తు చూసుకుని దాని కిందే ఇళ్లు కట్టుకునే ధీమా కూడా పెరిగింది.

మురుగు సంగతి వేరే. నది నిండుగా, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్ల నీళ్లు బయటికి పోవు. గట్టు తెగకపోయినా వాననీళ్లకే చేలు మునుగుతాయి. ఇది పాత గొడవే, 1968లోనే డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్ చట్టం వచ్చింది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని ఖరీఫ్ మానేసినప్పుడు ధరలతో పాటు ఈ మురుగు కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉంది. పైగా ఎగువ డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది, డెల్టా నేల కుంగుతోంది. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకు ముప్పు సముద్రం వైపు నుంచీ వస్తుందని చెప్పక్కర్లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటాయి. ఈసారి ఏటిగట్లు నిలబడ్డాయి. గట్టు బయట ఊళ్లు ఊపిరి పీల్చుకునే వేళకు, లోపల లంకల్లో కొబ్బరిచెట్ల మధ్య ఇంకా పడవలే తిరుగుతున్నాయి.