ముసాయిదా వచ్చిందంటే జీవో వచ్చేసినట్టు కాదు

పోయిన నెల విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసుకి నున్న నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "జీవో వచ్చేసిందండీ, మా స్థలం మధ్య నుంచి రోడ్డు పోతోందట" అంటూ ఫోన్ నా ముందు పెట్టారు. చేతులు వణుకుతున్నాయి. వాట్సాప్‌లో ఒకే పేజీ ఫొటో, పై భాగం ఎవరో కత్తిరించేశారు. అసలు కాగితం తెప్పించి చూస్తే కత్తిరించిన చోట ఉన్న మాట "ముసాయిదా". అప్పటికే ఆయన, ఆ ఫొటో పంపిన మధ్యవర్తి తెచ్చిన బేరానికే సగం ధరకి అగ్రిమెంట్ రాసిచ్చేశారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లని ఎక్కువగా ముంచుతున్న అపోహ ఇదే. ముసాయిదా అంటే "ఇలా చేద్దామనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే చెప్పండి" అని ప్రభుత్వం అడగడం. ఎన్ని రోజుల్లో, ఎవరికి రాయాలో అందులోనే ఉంటుంది. జనం ఆ గడువంతా టెన్షన్‌తో గడిపేసి, తుది నోటిఫికేషన్ వచ్చాక నా దగ్గరికి వస్తారు. అప్పుడు నేను చేయగలిగేది చాలా తక్కువ.

రాస్తే ఎవరు చూస్తారండీ అంటారు. మన ఆంధ్రప్రదేశ్ జిల్లాల సంగతే గుర్తు చేసుకోండి. 2022 జనవరిలో ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి 30 రోజులు ఇచ్చారు. ఏప్రిల్ 4 నుంచి 13 జిల్లాలు 26 అయ్యాయి. ముసాయిదాలో లేని కుప్పం రెవెన్యూ డివిజన్ తుది జాబితాలోకి వచ్చింది. అడిగారు కాబట్టే వచ్చింది.

ఇంత మార్పుకీ అసెంబ్లీలో కొత్త బిల్లు పెట్టలేదు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం ఇచ్చిన అధికారంతో నోటిఫికేషన్లే సరిపోయాయి. అసెంబ్లీ పాస్ చేయనిది మనల్నేం చేస్తుందిలే అనుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం చెప్పాలి?

"ఏటా వేల జీవోలండీ, ఎవరు చదువుతారు?" అన్నది ఇంకో మాట. వాటిలో చాలావరకు ఆర్‌టీ, అంటే రొటీన్ జీవోలు: ఒకరి బదిలీ, ఇంకొకరి సెలవు, ఒక బిల్లు మంజూరు. అందరికీ వర్తించే నిబంధనలు మామూలుగా ఎంఎస్ జీవోల్లో వస్తాయి. అలాగని ఆర్‌టీని పూర్తిగా వదిలేయకూడదు. 2023 జనవరిలో రోడ్ల మీద సభలకి ఆంక్షలు పెట్టిన జీవో నంబర్ 1 ఆర్‌టీయే. ఆ మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. నంబర్లు ప్రతి శాఖకీ ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి ఉత్త నంబర్ చెబితే ఏ జీవోనో తెలియదు. శాఖ, తేదీ కూడా అడగండి.

ప్రభుత్వం మారితే పాత జీవోలు పోవు, రద్దు చేస్తూ ఇంకో ఉత్తర్వు రావాలి. అధికారులు పంపే సర్క్యులర్ చట్టాన్ని మించదు, 2008లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ప్రచురించని చట్టంతో జనాన్ని శిక్షించకూడదని 1951లోనే హర్లా కేసులో చెప్పింది.

పెద్దాయన అగ్రిమెంట్ మీద విడిగా పోరాడాలి. ఆ రోజు మాత్రం ముందు అభ్యంతరం రాయించాను. సర్వే నంబర్, పక్కనే ఉన్న డొంక కొలతలు, రోడ్డుని అటు జరిపితే ఎవరి ఇల్లూ పోదన్న మాట. రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు ఆయన చొక్కా జేబులో పెట్టాను. గడువుకి ఇంకా తొమ్మిది రోజులుంది.