కొత్త బండి సర్వీసు: అపోహలు – వాస్తవాలు

పోయిన శనివారం గాజువాక నుంచి ఓ కుర్రాడు మా షెడ్డుకి వచ్చాడు. బండి కొని ఐదు నెలలు. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించినప్పుడు కట్టిన దారం ఇంకా హ్యాండిల్‌కే ఉంది. "మూడుసార్లు చెప్పాను మాస్టారూ, షోరూం వాళ్లు పట్టించుకోవట్లేదు" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ. వంగి ముందు చక్రం చూశాను. ఎడమ ఫోర్క్ ట్యూబు చుట్టూ ఉంగరంలా నూనె చార, దానికి అంటుకున్న నల్లటి దుమ్ము. ఫోర్కు లోపలి నూనె బయటికి రాకుండా ఆపే ఆయిల్ సీల్ పోయింది. ఆ నూనె జారి డిస్కు మీద పడిందంటే బ్రేకు పట్టదు.

జాబ్ కార్డులు తీయమన్నాను, అంటే బండి సర్వీసుకిచ్చినప్పుడు ఏం చెయ్యాలో రాసే కాగితాలు. మనం చెప్పిన సమస్య రాసే 'కస్టమర్ వాయిస్' అనే గడిలో మూడింటిలోనూ ఒకే మాట: జనరల్ సర్వీస్.

అపోహ: "అడ్వైజర్‌కి చెప్పాను కదా, వాళ్లే చూసుకుంటారు."

చూసుకోరు. అడ్వైజరంటే బండి తీసుకుని కార్డు రాసేవాడు. బండి లోపలికెళ్లాక మెకానిక్ చేతికి అందేది ఆ కార్డే. మీరు గేటు దగ్గర పావుగంట చెప్పిన మాట అతని చెవిన పడదు. వారంటీ క్లెయిమ్ కంపెనీకి వెళ్లాలన్నా కార్డులో రాసి ఉండాలి. రేపు "ఈ ప్రాబ్లం ఇప్పుడే చెప్తున్నారు సార్" అంటే మీరేం చూపిస్తారు?

నేను తొమ్మిదేళ్లు ఓ డీలర్ దగ్గర అడ్వైజర్‌గా చేశాను. శనివారం పొద్దున్న బళ్లు రోడ్డు దాకా బారు తీరేవి. ఒక్కో కస్టమర్‌కి మూడు నిమిషాలు కూడా దక్కేది కాదు. నేనూ 'జనరల్ సర్వీస్' అని టైపు కొట్టేసి తాళం తీసుకున్నవాణ్ణే. ఎవరినీ మోసం చెయ్యాలని కాదు, కానీ నష్టపోయింది వాళ్లే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ గడి చదవండి. "శబ్దం వస్తోంది" అంటే చాలదు. "సింహాచలం ఘాట్ సెకండ్ గేర్‌లో ఎక్కుతుంటే, ఇంజిన్ వేడెక్కాక టక్ టక్‌మంటోంది" అని రాయించండి. మీటరు కనబడేలా ఫోన్లో వీడియో తీయండి. రాయనంటే అక్కడే నిలబడి అదే మాట సర్వీసు నంబరుకి వాట్సాప్ చెయ్యండి. బండి ఇచ్చేటప్పుడు ఓ రౌండు నడిపి చూశాకే "పని తృప్తిగా ఉంది" అన్న చోట సంతకం.

రెండుసార్లు రాయించినా తీరకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి చెప్పి కంప్లయింట్ నంబరు తీసుకోండి. ఆ తర్వాత 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం సమస్య మొదలైన 2 ఏళ్లలోపు వెయ్యాలి. బండి ఎక్కడ కొన్నా మీరుండే ఊళ్లోనే వెయ్యొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. అక్కడ కూడా మొదట అడిగేది కాగితాలే.

మిగతావి

ఫ్రీ సర్వీసంటే లేబర్ ఫ్రీ. ఆయిలు, ఫిల్టరు డబ్బులు మీవే, అందులో మోసం లేదు.

"వెయ్యి కిలోమీటర్లు తిరగలేదు, ఫస్ట్ సర్వీసు తర్వాత చూద్దాం" అనొద్దు. కిలోమీటర్లు, రోజులు రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే అదే గడువు. కొత్త ఇంజిన్‌లో అరిగిన లోహపు పొడి ఆ మొదటి ఆయిల్లోనే ఉంటుంది.

కొన్న షోరూంలోనే చేయించాలన్న రూలు లేదు. అదే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరు ఏదైనా పర్లేదు, అనకాపల్లి అయినా, మద్దిలపాలెం అయినా.

బయట పంక్చరు వేయించినా, వాటర్ వాష్ చేయించినా వారంటీ పోదు. వైరింగు కోసి హారను, ఫాగ్ లైట్లు పెట్టిస్తే మాత్రం కరెంటు పార్టుల క్లెయిమ్ తిప్పి పంపేస్తారు.

రుషికొండ, భీమిలి వైపు వాళ్లు చైను తుప్పు పట్టగానే నాసిరకం బండి అంటగట్టారని కంగారు పడుతుంటారు. అది ఉప్పుగాలి. 500 కిలోమీటర్లకోసారి తుడిచి ల్యూబ్ కొట్టండి, వానల్లో ఇంకా ముందే.

ఆ కుర్రాడి చేత సీలు ఫోటో తీయించి, ఏం రాయించాలో కాగితం మీద రాసిచ్చాను. సోమవారం వెళ్లి కార్డులో ఎక్కించాక ఫోన్ చేశాడు. వారంటీలోనే మారుస్తామన్నారట, పార్టు రావడానికి వారం పడుతుందట. బండి అక్కడే వదిలేసి, అన్నాళ్లూ డ్యూటీకి ఆర్టీసీ బస్సులో వెళ్లమన్నాను.