ఇంట్లో నెట్ కేబుల్ వేయిస్తున్నారా? నేను రోజూ వినే అపోహలు, వాటి వెనకున్న వాస్తవాలు

ఇళ్లలో నెట్‌వర్క్ కేబుల్ వేయడం నా పని. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లూ పిలుస్తారు, ఉన్న ఇంట్లో వైఫై అందక విసిగిపోయినవాళ్లూ పిలుస్తారు, ఇద్దరి దగ్గరా దాదాపు అవే మాటలు వింటుంటాను. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఈ అపోహలతో జరిగే నష్టం ఏమిటంటే, అక్కర్లేని చోట ఖర్చుపెట్టి తప్పనిసరి చోట చెయ్యి బిగిస్తారు. గోడ బయట ఉండేవి, అంటే నెట్ స్విచ్ (ఒక కేబుల్‌ని చాలా పరికరాలకి పంచే పెట్టె), రౌటర్, ప్యాచ్ కార్డులు (జాక్ నుంచి పరికరానికి వేసే చిన్న కేబుళ్లు), ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడ లోపలికి వెళ్లేవి, అంటే పైపు, కేబుల్, మళ్లీ గోడ పగలగొడితే తప్ప మారవు. బడ్జెట్ వేసుకునేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

అపోహ: వైఫై బాగానే వస్తుంటే కేబుల్ ఎందుకు?

వైఫైని ఎవరూ తీసేయమనడం లేదు, ఫోన్లకు అది కావాల్సిందే. కానీ ఒక ఛానెల్‌ని ఇంట్లోని పరికరాలన్నీ వంతులవారీగా పంచుకోవాలి, పక్కింటి రౌటర్ కూడా అదే ఛానెల్‌లో ఉంటే దానితో కూడా పంచుకోవాలి. టీవీ, డెస్క్‌టాప్, కెమెరాల రికార్డర్ లాంటి కదలని వస్తువుల్ని వైరు మీదకి మార్చేస్తే గాలిలో రద్దీ తగ్గి ఫోన్లకే మేలు జరుగుతుంది. పై అంతస్తులో సిగ్నల్ రావడం లేదని రిపీటర్ (వైఫై సిగ్నల్‌నే అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనే బదులు అక్కడికి ఒక్క కేబుల్ లాగి యాక్సెస్ పాయింట్ (వైరుతో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఇంట్లో ఒకే ఒక్క కేబుల్ వేయగలిగే స్తోమత ఉంటే, నేను వేసేది ఈ కేబులే.

అపోహ: భవిష్యత్తు కోసం క్యాట్ 7, క్యాట్ 8 వేసేయాలి

క్యాట్ అంటే కేటగిరీ, కేబుల్ తరగతి. అంకె పెద్దదైతే మంచిదనుకోవడం సహజం, అమ్మేవాళ్లు కూడా అదే చెబుతారు. క్యాట్ 5ఇ మీద 100 మీటర్ల వరకు 1 గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్) వేగం వెళ్తుంది. 2016లో వచ్చిన ప్రమాణంతో అదే పాత క్యాట్ 5ఇ మీద అదే దూరానికి 2.5 గిగాబిట్ కూడా నడుస్తోంది. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ సుమారు 55 మీటర్ల దాకా వెళ్తుంది, కేబుళ్లు గుంపుగా కట్టి ఉంటే ఆ దూరం తగ్గుతుంది, అయినా మామూలు ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి 20, 30 మీటర్లు దాటడమే అరుదు. క్యాట్ 8ని తయారు చేసింది డేటా సెంటర్లలో 30 మీటర్లలోపు దూరాలకు, 25, 40 గిగాబిట్ వేగాల కోసం. క్యాట్ 7కి ప్రమాణంలో చెప్పిన కనెక్టర్ (కేబుల్ కొసకి బిగించే ప్లగ్గు) మనం రోజూ చూసే ఆర్‌జే45 కాదు, అందుకని మామూలు ఆర్‌జే45 బిగించి క్యాట్ 7 అని అమ్మేదాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. పైగా ఇవి లావుగా, బిరుసుగా ఉంటాయి, మూలల్లో వంగవు, పనికి రెట్టింపు టైమ్ పడుతుంది. నిఖార్సైన రాగి క్యాట్ 6 చాలు. అదీ కుదరకపోతే రాగి క్యాట్ 5ఇ వేయండి, తప్పేమీ లేదు.

అపోహ: పైకి రాగిలా కనిపిస్తోంది కాబట్టి రాగే

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సీసీఏ అని ఒక రకం ఉంది, లోపలంతా అల్యూమినియం, పైన పల్చటి రాగి పూత. చౌక. బాక్సు మీద క్యాట్ 6 అనే రాసి ఉంటుంది కానీ కేబుళ్ల ప్రమాణాలు ఒప్పుకునేది పూర్తి రాగినే. అల్యూమినియం వల్ల దాని నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది.

ఒక ఇంట్లో గేటు దగ్గరి కెమెరా పగలంతా బాగానే పనిచేసి చీకటి పడగానే ఆగిపోయేది, మళ్లీ వచ్చేది, మళ్లీ ఆగిపోయేది. అప్పటికే కెమెరా రెండుసార్లు మార్చారు పాపం. రాత్రిపూట కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు అది ఎక్కువ కరెంట్ లాగుతుంది, ఆ కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్లాలి. ఒక వైరు కొసని బ్లేడుతో గీకి చూస్తే లోపల తెల్లగా మెరిసింది. సీసీఏ. దారిలో వోల్టేజీ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతోంది. రాగి కేబుల్ లాగి అదే కెమెరా తగిలిస్తే ఇప్పటిదాకా ఆగలేదు.

కొనేముందే చూసుకోండి. ఒక్క వైరు తీసి బ్లేడుతో గీకండి, లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా వస్తే వద్దు. అదే చోట అటూ ఇటూ నాలుగైదుసార్లు వంచండి, సీసీఏ తొందరగా తెగుతుంది. బాక్సు ఎత్తితే బరువులో కూడా తేడా తెలుస్తుంది.

అపోహ: టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగాయి, ఇంక పని అయిపోయింది

చిన్న టెస్టర్ చెప్పేది ఒక్కటే: ఈ కొస నుంచి ఆ కొసకి ఎనిమిది వైర్లూ వరసగా తగులుతున్నాయని. కేబుల్‌లో ఆ ఎనిమిది వైర్లూ రెండేసి చొప్పున మెలిపెట్టి నాలుగు జతలుగా ఉంటాయి, ఏ వైరుకి ఏది జత అన్నది దానికి తెలియదు.

చాలామంది రంగుల్ని చూడ్డానికి పద్ధతిగా ఉంటుందని నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని పక్కపక్కనే పేర్చేసి రెండు వైపులా అలాగే బిగిస్తారు. టెస్టర్‌లో అన్నీ పచ్చగా వెలుగుతాయి. కానీ కనెక్టర్‌లో 3, 6 పిన్నులు ఒకే జతవి కావాలి, వాళ్లు పేర్చిన దాంట్లో 3వది ఆకుపచ్చ జతది, 6వది నీలం జతది అవుతుంది. మెలిక వేసిన రెండు వైర్లూ ఒకే సిగ్నల్‌ని మోస్తేనే బయటి నాయిస్, పక్క జత నాయిస్ రెండు వైర్ల మీదా సమానంగా పడి రద్దయిపోతాయి. జత విడిపోతే ఆ మెలిక ఉండీ ఉపయోగం లేదు. నెట్ వస్తుంది, కానీ తడబడుతూ వస్తుంది, తప్పు కేబుల్‌దని ఎవరికీ తోచదు. సరైన వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. దీన్ని టి568బి అంటారు. టి568ఎ వేసినా వేగం అంతే, రెండు కొసల్లో ఒకే పద్ధతి ఉంటే చాలు.

ఇంకో గుర్తు. మీ ప్లాన్ 300 అయినా 500 అయినా కంప్యూటర్‌లో స్పీడ్ టెస్ట్ 94 దగ్గర అతుక్కుపోతే, సర్వీసు వాళ్లకి ఫోన్ చేసే ముందు కేబుల్ కొసలు చూడండి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండే చాలు, కాబట్టి ఒక్క వైరు వదులైనా చాలాసార్లు లింకు 100కి దిగిపోయి మామూలుగానే నడిచిపోతుంది.

అపోహ: కరెంటు పైపులో ఖాళీ ఉంది కదా, అందులోనే లాగేద్దాం

వద్దు, దయచేసి వద్దు. నెట్ స్లో అవుతుందనే భయంతో నేను ఈ మాట చెప్పడం లేదు, అది రెండో సంగతి. ఆ పైపులో ఎక్కడైనా కరెంటు వైరు తోలు ఊడి నెట్ కేబుల్‌కి తగిలితే మెయిన్స్ కరెంటు నేరుగా మీ ల్యాప్‌టాప్ దాకా, మీ చేతి దాకా రావచ్చు. వేరే పైపు వేయండి, వేరే బాక్సు పెట్టండి, కరెంటు లైనుకి కొంచెం ఎడంగా నడపండి, దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. పైపు ఖర్చు మొత్తం పనిలో చిన్నది. గోడలు తెరిచి ఉన్నప్పుడు అన్ని గదులకీ పైపు వేసి, లోపల నైలాన్ తాడు వదిలేసి, ఇప్పుడు అవసరమున్న రెండు మూడు చోట్లకే కేబుల్ లాగించుకోండి. పైపు లోపలి జాగాలో 40 శాతానికి మించి నింపకండి, లేదంటే రేపు ఇంకో కేబుల్ లాగడం కుదరదు.

అపోహ: గోడలోంచి వచ్చిన కేబుల్‌కే కనెక్టర్ కొట్టేస్తే జాక్ ఖర్చు మిగులుతుంది

గోడలో వేసే కేబుల్‌లో ఒక్కో వైరు ఒంటి తీగ, మాటిమాటికీ వంచితే లోపలే విరుగుతుంది. అందుకే దాన్ని గోడలోని జాక్‌లో (ప్లగ్గు పెట్టే సాకెట్టులో) పంచ్ చేసి, అంటే పనిముట్టుతో వైర్లని నొక్కి బిగించి, వదిలేయాలి, అక్కడి నుంచి పరికరానికి సన్న పోగుల ప్యాచ్ కార్డు వాడాలి. కాలు తగిలో కుర్చీ కింద నలిగో పాడైతే ఆ కార్డు మాత్రమే మారుస్తారు. జాక్‌లో పెట్టేటప్పుడు మెలికని 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పకండి, అంటే చిటికెన వేలి గోరంత. కొత్తగా నేర్చుకునేవాళ్లకి క్రింపింగ్ (కొసకి కనెక్టర్ నొక్కి బిగించడం) కంటే జాక్ పంచ్ చేయడమే తేలిక కూడా.

కొన్ని చిన్నవి కూడా ఉన్నాయి. షీల్డ్ (వైర్ల చుట్టూ లోహపు రేకు లేదా అల్లిక) ఉన్న కేబుల్ ఎప్పుడూ మెరుగే అనుకుంటారు, ఇంట్లో మామూలు యూటీపీ (షీల్డ్ లేనిది) చాలు, షీల్డ్‌ని సరిగ్గా ఎర్త్ చేయకపోతే దానివల్ల లాభమే లేదు. ఒక కేబుల్‌ని రెండు చేసే స్ప్లిట్టర్ పెడితే రెండు పరికరాలకీ రెండేసి జతలే దక్కి చెరో 100 మెగాబిటే వస్తుంది, దాని బదులు ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టండి. లోపలి కేబుల్‌ని డాబా మీద ఎండలో వదిలేస్తే తోలు పగిలిపోతుంది, బయటికి వేరే రకం ఉంది. రెండు వేరు వేరు భవనాల మధ్య అయితే రాగి అసలు వద్దు, ఫైబర్ వేయించండి, పిడుగు పడినప్పుడు ఆ దెబ్బ ఈ కేబుల్ గుండా రెండు వైపుల పరికరాలకీ పాకదు.

ప్లాస్టరింగ్‌కి ముందు రోజు ఫోన్ తీసుకుని ప్రతి గోడనీ, పక్కన కొలత టేపు ఆనించి, నేల నుంచి పైపు ఎంత ఎత్తులో ఉందో కనబడేలా ఫోటో తీసుకోండి. కేబుల్ రెండు కొసలకీ ఒకే నంబర్ రాసి అంటించండి, పక్కన కనీసం ఒక అడుగు కేబుల్ చుట్టి బాక్సులో వదలమని చెప్పండి, ఎప్పుడైనా జాక్ మళ్లీ పంచ్ చేయాల్సి వస్తే ఆ అడుగే పనికొస్తుంది.