ఎవరొస్తున్నారో వాళ్లకి తెలీదా అండీ? (వీవీఐపీ ఫ్లైట్ రూట్ల మీద అపోహలు - వాస్తవాలు)

అపోహ: దేశాధినేత ఫ్లైట్ అంటే ఏ దేశమైనా దారి ఇచ్చేస్తుంది.

ఫ్లైట్ ప్లానింగ్‌లో ఉన్నాను కాబట్టి ఈ మాట ప్రతి టూర్‌కీ వింటాను, అదీ టూర్ ఏర్పాట్లు చూసేవాళ్ల దగ్గరే. అసలు సంగతి పూర్తిగా ఉల్టా. మామూలు ప్యాసింజర్ ఫ్లైట్లకి దేశాల మధ్య ఎప్పుడో కుదిరిన ఒప్పందాలుంటాయి, రోజూ అలా వెళ్లిపోతుంటాయి. పెద్దాయన ఎక్కే ఎయిర్‌ఫోర్స్ విమానం స్టేట్ ఎయిర్‌క్రాఫ్ట్, అంటే ప్రభుత్వ విమానం, విమానయానం మీద దేశాలు చేసుకున్న 1944 షికాగో కన్వెన్షన్ 3వ ఆర్టికల్ ప్రకారం ఇంకో దేశం మీదుగా ఎగరాలంటే ఆ దేశం విడిగా ఒప్పుకోవాల్సిందే. ఎంబసీ ద్వారా అప్లై చేయాలి, రిజిస్ట్రేషన్, కాల్ సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు), ఏ పాయింట్లో ఎన్నింటికి లోపలికొస్తాం, ఎక్కడ బయటపడతాం, అన్నీ రాయాలి, దారిలో ఎన్ని దేశాలుంటే అందర్నీ అడగాలి. ఫ్లైట్ ప్లాన్ ఫారంలో 18వ ఐటమ్‌లో ఎస్‌టీఎస్/హెడ్ (లోపల దేశాధినేత ఉన్నారని చెప్పే కోడ్) అని పెడితే ఏటీసీ, అంటే విమానాల్ని నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, ప్రాధాన్యం ఇస్తుంది గానీ పర్మిషన్ వచ్చేసినట్టు కాదు బాబూ.

ఇది తెలీక మీటింగులు, డిన్నర్లు అన్నీ ఫిక్స్ చేసేసుకుని ఆఖర్న మా దగ్గరికొస్తారు. క్లియరెన్స్‌కి, అంటే ఆ పర్మిషన్‌కి, టైం లిమిట్ ఉంటుంది, దాటితే మళ్లీ అడగాలి. ఒకసారి చర్చలు సాగి సాగి బయల్దేరడం మర్నాటికి పడింది, మర్నాడేమో శుక్రవారం, దారిలో ఒక దేశంలో ఆఫీసులకి సెలవు. ఫోన్లో ప్రోటోకాల్ ఆఫీసర్, "ఎవరొస్తున్నారో వాళ్లకి తెలీదా అండీ?" తెలుసు సార్, తెలిసే అడిగి రమ్మంటున్నారు. ఆ దేశాన్ని తప్పించుకుని వెళ్లే రెండో రూట్‌కి మేం ముందే క్లియరెన్సులు తీసి పెట్టుకున్నాం కాబట్టి ఇంధనం కాస్త ఎక్కువైనా గట్టెక్కాం.

నమ్మకపోతే 2013 జూలై గుర్తు చేసుకోండి. బొలీవియా ప్రెసిడెంట్ మొరాలెస్ మాస్కో నుంచి వెళ్తుంటే అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టి ఆ దేశానికి దొరక్కుండా ఉన్న స్నోడెన్ లోపల ఉన్నాడని ఎవరో పుకారు లేపారు, ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్ అడ్డం తిరిగాయని బొలీవియా గొడవ, పాపం ఆయన రాత్రంతా వియన్నా ఎయిర్‌పోర్టులోనే.

అపోహ: చుట్టు తిరిగి వెళ్లారంటే అవమానం జరిగినట్టే.

2019 జూన్‌లో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వెళ్లడానికి పాకిస్తాన్ సూత్రప్రాయంగా ఒప్పుకుందని వార్తలొచ్చాక కూడా మోదీ ఫ్లైట్ ఒమన్, ఇరాన్ మీదుగానే వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబర్లో ఆయన ఫ్లైట్‌కి దారి ఇవ్వడం కుదరదని పాకిస్తాన్ బహిరంగంగానే చెప్పింది. ఒకటి మనమే చుట్టు తిరగడం, ఇంకోటి వాళ్లు వద్దనడం, రెండూ ఒకటి కాదు కదా, ఫ్లైట్ ట్రాకర్ యాప్ స్క్రీన్‌షాట్‌లో గీత వంకరగా ఉందని కథలు అల్లేవాళ్లకి ఓ దండం.

అపోహ: మ్యాప్‌లో స్కేలు పెట్టి గీస్తే అదే దగ్గర దారి. గ్లోబు మీద ఢిల్లీ నుంచి న్యూయార్క్‌కి దారం లాగి చూడండి, ఆర్కిటిక్ దాకా పోతుంది. దానికి తోడు గాలి ఎటు వీస్తుందో కూడా చూడాలి.

ఇక డెలిగేషన్‌లో వెళ్లినవాళ్ల ఇంట్లోవాళ్లు, ట్రాకర్ యాప్‌లో ఫ్లైట్ మాయమైందని అర్ధరాత్రి కంగారుగా ఫోన్ చేస్తారు, వాళ్లని ఏమీ అనలేను. విమానం సిగ్నల్ పట్టే రిసీవర్లు ఎక్కువగా నేల మీదే ఉంటాయి, సముద్రం మధ్యలో ఉండవుగా, అందుకే కనపడదు. ఎయిర్‌ఫోర్స్ విమానమైతే ఒక్కోసారి కావాలనే చూపించరు. యాప్ మూసేసి పడుకోండమ్మా, దిగాక వాళ్లే ఫోన్ చేస్తారు.